'పడు' ధాతువు: అర్థవిస్తృతి, మూలం – పెద్దవంగర ప్రాంత వాడుక ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగులో అత్యంత తరచుగా వినిపించే క్రియల్లో 'పడు' ఒకటి. నిఘంటువులు దీనికి మొదట 'క్రింద పడుట' అనే అర్థాన్ని చెప్పి, తక్కినవాటిని దాని విస్తరణలుగా వరుసపెడతాయి. సోదర ద్రావిడ భాషల సాక్ష్యాన్ని, వరంగల్ ప్రాంతపు వాడుకను కలిపి చూస్తే ఈ క్రమం నిలవదు. 'పతనం' ఈ ధాతువుకు తొలి అర్థం కాదనీ, 'ఒక స్థితికి చేరుట, సంభవించుట' అనేదే దాని కేంద్రార్థమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'పడుతుంది' అనే రూపంలో 'పడు', 'పట్టు' ధాతువులు కలిసిపోవడం వల్ల ఏర్పడే చిక్కును, సంస్కృత 'పత్' ధాతువుతో ఉన్న పోలికను, కర్మణి ప్రయోగంపై ఉన్న అపవాదును ఇందులో భాగంగా చర్చిస్తుంది.

కీలక పదాలు: పడు, పాటు, పట్టు, కర్మణి ప్రయోగం, మాండలికం, ద్రావిడ వ్యుత్పత్తి, అర్థపరిణామం.

1. ఉపోద్ఘాతం

'నిలబడు' అనే మాటను ఎవరూ విడదీసి చూడరు. విడదీస్తే 'నిలువన్ + పడు'. నిటారుగా నిలవడాన్ని చెప్పే మాటలో పడిపోవడాన్ని చెప్పే క్రియ ఎందుకున్నది? మంచంమీద వాలడం 'పడుకొనుట' అయింది. లేచి కాళ్లమీద నిలవడం 'నిలబడుట' అయింది. ఒకటి క్రిందికి పోవడం, మరొకటి పైకి లేవడం. 'పడు'కు మూలార్థం పతనమే అయితే ఈ రెండింటిలో ఒకటి అసంగతం కావాలి. వేలయేళ్లుగా మాట్లాడుతున్న జనానికి ఇందులో అసంగతమేదీ తోచలేదంటే, పొరపాటు మాటలో కాక, మనం దానికి చెప్పుకొన్న అర్థంలో ఉండాలి.

పాలకుర్తి, బమ్మెర గ్రామాలకు చేరువలో, పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైన ఊరు పెద్దవంగర. జాను తెనుగును కోరి వాడిన పాల్కురికి సోమనాథుడూ, భాగవతాన్ని తెనిగించిన పోతనా ఈ నేలతో ముడివడినవారే. ఈ ప్రాంతపు భాషను కావ్యాల వైపునుంచి చూడటం పరిశోధకులకు అలవాటు. ఇక్కడ మాత్రం బోరుబావి దగ్గర, అంగట్లో, బ్యాంకు ముందు వినిపించే ఒక్క క్రియ వైపునుంచి చూడటం ఉద్దేశం.

2. వాడుకలో 'పడు'

ఈ ప్రాంతపు మాటలో 'వాన పడ్డది' అంటే కురిసింది. 'బోర్ల నీళ్లు పడ్డయి' అంటే నేల తొలిచినప్పుడు నీరు తగిలింది. ఇక్కడ నీరు పడలేదు, పైకి ఉబికింది; అయినా క్రియ 'పడు'. 'ఎన్ని ఫీట్లకు పడ్డయి?' అని అడిగే రైతుకు ఈ వైరుధ్యం తట్టదు. 'ఖాతల పైసలు పడ్డయి' అంటే జమ అయినాయి. 'కిలోకు ఎంత పడ్డది?' అంటే ఎంత ధర అయింది. 'మంచి పేరు పడ్డది', 'కేసు పడ్డది', 'సంతకం పడ్డది' అన్నప్పుడు ఎక్కడా క్రిందికి దిగిన వస్తువు లేదు. ఇంతకుముందు లేనిది ఇప్పుడు ఉన్నది, అంతే.

రెండో వర్గం వేరు. 'కష్టపడ్డడు', 'సిగ్గుపడ్డది', 'మాట పడ్డడు' అనే చోట కర్త మనిషి. అతనికి ఒక అనుభవం కలిగింది. వ్యాకరణ దృష్టిలో ఇది విచిత్రమైన నిర్మాణం. 'పడు' అకర్మక క్రియ అని చదువుకొన్నాం. 'అతడు నానా మాటలు పడ్డాడు' అన్న వాక్యంలో 'మాటలు' అనే పదం కర్మస్థానంలోనే ఉన్నది. 'పడ్డవాడు చెడ్డవాడు కాడు' అనే సామెతను పతితుడి పక్షాన చెప్పిన మాటగా కొందరు వివరిస్తుంటారు. అది సరికాదు. అక్కడ పడ్డవాడు జారిపడినవాడు కాదు. నిందను ఓర్చుకొన్నవాడు, అనగా మాట పడ్డవాడు. క్రియ అర్థాన్ని ఒక్క 'పతనం'గా స్థిరపరచుకొంటే సామెత నీతి కూడా మారిపోతుందన్నమాట.

మూడోది వ్యతిరేకంలోనే ఎక్కువగా వినిపించేది: 'ఆ కూర నాకు పడదు', 'వాళ్లిద్దరికి పడదు'. 'సరిపడదు' అనే మాటలోని 'సరి' జారిపోగా మిగిలిన అర్థమిది.

ఉచ్చారణలో ఈ ప్రాంతపు ప్రత్యేకత ఒకటున్నది. సమాసంలో ఉత్తరపదమైనప్పుడు 'పడు' ఇక్కడ 'వడు' అవుతుంది: కనవడ్డది, వినవడ్తలేదు, ఎంటవడ్డడు, బయటవడ్డది. వ్యాకర్తలు గసడదవాదేశమని చెప్పిన మార్పులో పకారానికి వచ్చే వకారమే ఇది. కావ్యభాషలోని వెలువడు, ముడివడు, అలవడు అనే మాటల్లో అదే ఉన్నది. ద్రుతం అడ్డువచ్చిన చోట బకారం వచ్చి కనఁబడు, వినఁబడు అయింది. శిష్టవ్యవహారం దాన్ని 'కనబడు'గా నిలుపుకొన్నది. పెద్దవంగర మనిషి 'కనవడ్డది' అన్నప్పుడు మాటను పాడుచేశాడనుకోవడం తరగతి గదుల్లో ఇప్పటికీ వినిపించే పొరపాటు. వెలువడు, ముడివడు సాధువులైనప్పుడు అదే ధ్వనిమార్పు 'కనవడు'లో మాత్రమే అసాధువెట్లా అవుతుంది?

'పడ్డది' అనే భూతకాల రూపం కూడా ఇట్లాంటిదే. 'పడిన' అనే క్రియాజన్య విశేషణంలో ఇకారం లోపించి, నకారం డకారంగా మారి 'పడ్డ' అయింది. 'చెడిన' నుంచి 'చెడ్డ' వచ్చినట్లే. దానికి 'అది' చేరితే 'పడ్డది'. కోస్తా వాడుకలో పుంలింగానికి 'పడ్డాడు' అనీ, అమహత్తుకు 'పడింది' అనీ రెండు దారులు. తెలంగాణ వాడుక రెండింటినీ ఒకే దారిలో నడిపింది.

3. 'పడుతుంది': రెండు ధాతువులు, ఒక రూపం

పదసూచికలు తయారుచేసే పరిశోధకులు ఎక్కువగా తడబడే చోటు ఇదే. 'వాన పడుతుంది', 'గంట పడుతుంది' అనే రెండు వాక్యాల్లో క్రియ ఒకటేనా? భూతకాలంలోకి మార్చగానే తేలిపోతుంది. మొదటిది 'వాన పడింది'. రెండోది 'గంట పట్టింది'. గంటకు సంబంధించిన క్రియ 'పట్టు'. నిద్ర పడుతుంది (పట్టింది), చెమట పడుతుంది (పట్టింది), తుప్పు పడుతుంది (పట్టింది), చేపలు పడతాడు (పట్టాడు) అన్నీ ఈ కోవలోవే. 'ముసురు పట్టింది', 'వాన పడింది' అన్న జంట మరీ స్పష్టం. రెండూ ఆకాశం సంగతులే, వర్తమానంలో రెండింటి రూపం ఒకటే, ధాతువులు మాత్రం రెండు.

ఈ కలయికకు కారణం ధ్వనిపరమైనది. ద్విత్వ టకారాంతాలైన కొట్టు, పెట్టు, పట్టు వంటి ధాతువుల మీద తకారాది ప్రత్యయం చేరినప్పుడు ట్ట అనేది డ అవుతుంది: కొడతాడు, పెడతాడు, పడతాడు; కొడితే, పెడితే, పడితే. ఆ విధంగా 'పట్టు'కు వచ్చిన రూపం, సహజంగా డకారమే ఉన్న 'పడు' రూపంతో అచ్చంగా సమానమైంది. అచ్చుతో మొదలయ్యే ప్రత్యయాల ముందు మార్పు లేదు గనుక పట్టాలి–పడాలి, పట్టదు–పడదు వేరువేరుగానే నిలిచాయి.

రూపసామ్యం చూసి ఈ రెండింటినీ ఒకే ధాతువుకు సకర్మక–అకర్మక రూపాలుగా భావించడం సులభం. ఆడు–ఆట్టు వంటి జంటలు తమిళంలో ఉండటం వల్ల ఆ ఊహకు కొంత బలం చేకూరినట్లు కనిపిస్తుంది కూడా. తులనాత్మక సాక్ష్యం దీనికి వ్యతిరేకం. 'పట్టు'కు తమిళంలో సజాతి పదం 'పఱ్ఱు'. తమిళంలో ఱ్ఱ ఉన్న చోట తెలుగులో ట్ట రావడం నియతమైన మార్పు: తమిళ 'చుఱ్ఱు'కు తెలుగు 'చుట్టు', 'పుఱ్ఱు'కు 'పుట్ట'. అనగా 'పట్టు'లోని టకారం ఒక దంతమూలీయ ధ్వని నుంచి వచ్చింది. 'పడు'లోని డకారం మొదటినుంచీ మూర్ధన్యమే. పుట్టుకలో వీటికి సంబంధం లేదు; వర్తమాన రూపంలో దారి మధ్య కలిశాయి.

తెలంగాణ వాడుకలో ఈ భేదానికి మరో ప్రాధాన్యం ఉన్నది. 'ఏడ్వవట్టిండు', 'చెప్పవట్టె' అనే చోట ఉన్నది 'పట్టు'; పని మొదలై సాగుతున్నదని చెప్పే సహాయక క్రియగా అది పనిచేస్తున్నది. 'కనవడ్డది'లో ఉన్నది 'పడు'. 'వట్టె', 'వడె' అనే రెండు రూపాలను లిప్యంతరీకరణలో తారుమారు చేస్తే వాక్యం అర్థమే మారుతుంది. 'కొట్టవట్టిరి' అంటే కొట్టసాగారు. 'కొట్టబడిరి' అంటే దెబ్బలు తిన్నారు. జానపద కథల సేకరణలో ఒక్క అక్షరం పొరపాటు కొట్టినవాణ్ణీ కొట్టించుకొన్నవాణ్ణీ తలక్రిందులు చేయగలదు.

4. సోదర భాషల సాక్ష్యం

టి. బరో, ఎం. బి. ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, సవరించిన ముద్రణ 1984) ఈ ధాతువుకు దక్షిణాది సాహిత్య భాషలన్నింటిలో సజాతి పదాలను చూపుతుంది. తమిళంలో 'పటు' అని రాస్తారు, అచ్చుల మధ్య ఉన్న టకారాన్ని డకారంగానే పలుకుతారు. కన్నడంలో 'పడు', మలయాళంలో 'పెడు' రూపం సహాయక క్రియగా విస్తారంగా ఉన్నది.

గమనించవలసిన విషయం వేరే ఉన్నది. 'క్రింద పడు' అని చెప్పటానికి తమిళులు 'విళు' అంటారు, కన్నడిగులు 'బీళు' అంటారు, మలయాళీలు 'వీళు' అంటారు. వాళ్ల 'పడు' ఆ పనికి రాదు. కన్నడంలో కష్టపడు, సంతోషపడు వంటి మాటలు తెలుగులో ఉన్నట్లే ఉన్నాయి. చెట్టు మీదినుంచి పండు రాలితే మాత్రం 'పడు' అనరు. పతనార్థం తెలుగులోనే ప్రధానమైంది. సోదర భాషలన్నింటిలో సమానంగా ఉన్నవి అనుభవించుట, కలుగుట, వాలుట లేక అస్తమించుట అనే అర్థాలు. సమానమైనదే ప్రాచీనమని తులనాత్మక పద్ధతి చెబుతుంది. సి. పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువు మొదలుకొని పతనార్థాన్ని ముందుంచడం ఆనాటి, ఈనాటి తెలుగు వాడుకను బట్టి సమంజసమే. దాన్ని చారిత్రక క్రమంగా చదువుకోవడమే సమస్య.

అస్తమించుట అనే అర్థం తెలుగులో క్రియగా పోయింది. 'పొద్దు గూకింది' అంటారు గాని పొద్దు పడిందనరు. అయితే ఆ అర్థం ఒక నామవాచకంలో శిలాజంలా మిగిలింది: పడమర. పొద్దు పడే దిక్కు పడమర. కన్నడంలో 'పడువణ', తుళులో 'పడ్డాయి' ఇదే అర్థంలో ఉన్నాయి. మలయాళ 'పడిఞ్ఞాఱు'లో సూర్యుణ్ణి చెప్పే 'ఞాయిఱు' కూడా చేరి 'పడే పొద్దు' అని స్పష్టంగా వినిపిస్తుంది. తమిళులు నేటి వాడుకలో దిక్కులను నేల వాలును బట్టి చెబుతారు. కిళక్కు క్రింది వైపు, మేఱ్కు పై వైపు. కనుమలు పడమట, సముద్రం తూర్పున ఉన్న నేలకు అది సహజం. తెలుగువారు పొద్దునే నమ్ముకొన్నారు.

'పొందుట' అనే అర్థానికి సాక్ష్యం 'పడయు'. కావ్యభాషలో పుత్రుని పడసె, వరము పడసె అని తరచుగా కనిపించే ఈ క్రియకు కన్నడంలో 'పడె' సజాతి; అక్కడ అది నేటికీ నిత్యవ్యవహారంలో ఉన్నది. పేరు పడటం, పైసలు పడటం, నీళ్లు పడటం ఈ అర్థచ్ఛాయకు దగ్గరివి. బోరులో 'నీళ్లు పడ్డయి' అన్న రైతు మాట, 'పడసె' అన్న కవి మాట, ఒకే వేరునుంచి వచ్చిన రెండు కొమ్మలు.

5. 'పడు' నుంచి 'పాటు'

ఈ ధాతువు దేశ్యమా, తద్భవమా అనే ప్రశ్నకు జవాబు కూడా దీని సంతానంలోనే దొరుకుతుంది. సంస్కృతంలో 'పత్' ధాతువుకు పడుట అని అర్థం. ప్రాకృతంలో అది 'పడఇ' అయింది. హిందీ 'పడ్‌నా' దానినుంచే వచ్చింది. రూపమూ అర్థమూ ఇంత దగ్గరగా ఉంటే తెలుగు 'పడు'ను ప్రాకృతభవంగా భావించాలని అనిపించడం సహజం.

భావార్థక నామం దగ్గర ఆ భావన ఆగిపోతుంది. 'పడు' నుంచి 'పాటు' ఏర్పడింది: హ్రస్వం దీర్ఘమైంది, డకారం టకారమైంది. 'చెడు' నుంచి 'చేటు' సరిగ్గా ఇదే పద్ధతిలో వచ్చింది. తమిళంలో పటు–పాటు, కెటు–కేటు అని అదే జంట, అదే మార్పు. ఇది అరువు తెచ్చుకొన్న మాటకు పట్టే లక్షణం కాదు. ద్రావిడ ధాతువుల అంతర్గత నిర్మాణం. భద్రిరాజు కృష్ణమూర్తి 'తెలుగు వెర్బల్ బేసెస్' (1961) మొదలుకొని ఇటువంటి ధాతునిర్మాణాలపై జరిగిన పరిశీలన ఈ విషయంలో సందేహానికి తావివ్వదు. పైగా చిక్కు అటువైపే ఎక్కువ. రెండచ్చుల మధ్య ఒంటరి తకారం ప్రాకృతంలో లోపించడం సామాన్య నియమం. 'గత' అనేది 'గఅ' అయింది. 'పత్' విషయంలో మాత్రం డకారం వచ్చింది. అందుకే ప్రాకృత వ్యాకర్తలు దానికి ప్రత్యేక సూత్రం చెప్పవలసి వచ్చింది. తెలుగు 'పడు'కు అటువంటి మినహాయింపు ఏదీ అవసరం లేదు.

'పాటు' పెంచిన కుటుంబం పెద్దది. ఏర్పడు–ఏర్పాటు, పొరపడు–పొరపాటు, అలవడు–అలవాటు, తడబడు–తడబాటు, కట్టుబడు–కట్టుబాటు, తిరుగబడు–తిరుగుబాటు. దొరల కాలంలో ఊరి కట్టుబాటునూ దానిపై వచ్చిన తిరుగుబాటునూ చెప్పిన రెండు మాటలూ ఒక్క క్రియకే పుట్టాయనేది ఈ నేల చరిత్ర తెలిసినవారికి ఆసక్తికరంగా ఉంటుంది. 'పాటుపడు' అన్నప్పుడు నామంగా ఒకసారి, క్రియగా ఒకసారి ఈ ధాతువే రెండుసార్లు వచ్చింది. పాడు నుంచి వచ్చిన 'పాట'ను దీనితో కలపరాదు. వేలం పాట కూడా పాడటానికి సంబంధించినదే.

సకర్మక రూపాలు మరొక తేడాను బయటపెడతాయి. ఏర్పడు–ఏర్పరచు, బలపడు–బలపరచు, అలవడు–అలవరచు, భయపడు–భయపెట్టు, నిలబడు–నిలబెట్టు. స్థితిని చెప్పే 'పడు'కు ఎదురుగా పరచు, పెట్టు వస్తాయి. భౌతికంగా పడటానికి మాత్రం పడగొట్టు, పడవేయు. గోడను పడగొట్టవచ్చు, మనిషిని 'భయం పడగొట్టాడు' అని ఎవరూ అనరు. పతనం, స్థితిప్రాప్తి అనే రెండర్థాలను మాట్లాడేవారు విడివిడిగానే ఎరుగుదురనటానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు. 'నిలబడు'లోని చిక్కు ఇక్కడ విడిపోతుంది. నిలిచిన స్థితికి చేరుకోవడం నిలబడటం. అందులో పతనం ఎన్నడూ లేదు.

6. కర్మణి ప్రయోగంపై అపవాదు

'చేయబడును', 'తెలియజేయబడుచున్నది' వంటి ప్రయోగాలను ఆంగ్ల అనువాదం తెచ్చిన బెడదగా చెప్పడం నేడు వాడుక. పత్రికా రచన నేర్పేవారు వీటిని వద్దంటారు. చాలా సందర్భాల్లో ఆ సలహా మంచిదే. కారణం మాత్రం సరిగా చెప్పడం లేదు. తమిళ 'చెయ్యప్పటు', మలయాళ 'చెయ్యప్పెడు', కన్నడ 'మాడల్పడు' అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఇన్ని భాషలు పంచుకొన్న నిర్మాణం ఆంగ్లేయుల రాకతో పుట్టిందనడం కుదరదు. రాబర్ట్ కాల్డ్‌వెల్ 1856లో ప్రచురించిన తులనాత్మక వ్యాకరణంలో, ద్రావిడ భాషల్లో అసలైన కర్మణి లేదనీ, 'పడు' అనే సహాయక క్రియతో ఆ పని నెరవేరుతున్నదనీ భావించాడు. 'లేదు' అన్న భాగాన్ని పట్టుకొన్నవారు రెండో భాగాన్ని అంతగా పట్టించుకోలేదు.

నిర్మాణం ఎట్లా ఏర్పడిందో ఊహించడం కష్టం కాదు. 'కష్టం పడ్డాడు' అంటే కష్టాన్ని అనుభవించాడు. 'కొట్టన్ + పడె' అంటే కొట్టడాన్ని అనుభవించాడు. నామం ఉన్న చోట తుమున్నర్థకం వచ్చింది, క్రియార్థం అదే. ఈ విధంగా చూస్తే 'మాట పడు', 'చెప్పబడు' అనేవి పక్కపక్క ఇళ్లు. పెరిగినదల్లా వాడుక పౌనఃపున్యం; అది కచేరీ భాషలో, శాస్త్రగ్రంథాల అనువాదాల్లో పెరిగింది.

అభ్యంతరం చెప్పదలిస్తే అది కర్తను దాచడం గురించి చెప్పాలి. 'నిధులు మంజూరు చేయబడినవి' అన్న వాక్యంలో ఎవరు చేశారో లేదు. ఆ గుణం ఆఫీసు భాషకే పరిమితమని అనుకోరాదు. 'పైసలు పడ్డయి' అన్న ఊరి మాటలోనూ వేసినవారు ఎవరో లేదు. 'కేసు పడ్డది'లో పెట్టినవారు లేరు. ఒకటి కృతకంగా, మరొకటి సహజంగా వినిపించటానికి కారణం ధాతువు కాదు, దాని ముందున్న పొడవైన సమాసం. పెద్దవంగరలో బ్యాంకు ముందు నిలబడిన రైతు 'పడ్డయా?' అని ఒక్క మాట అడుగుతాడు. ఏమి పడ్డాయో, ఎక్కడ పడ్డాయో, ఎవరు వేశారో అందులో లేవు. అడిగినవాడికీ విన్నవాడికీ అన్నీ తెలుస్తాయి. అదే మనిషి అదే మాట బోరు బండి దగ్గర అడిగితే, జవాబు ఫీట్లలో వస్తుంది.